సెకండ్ హ్యాండ్ 90/900 రిఫ్రాక్టర్ (లెన్సు టెలిస్కోపు): నాలుగేళ్లు వాడాక

లెన్సు వెడల్పు 90 మి.మీ., ఫోకల్ లెంత్ దానికి పదింతలు, 900 మి.మీ., అంటే ఎఫ్/10. రెండు గాజులు కలిపి చేసిన అక్రోమాట్ లెన్సు. వచ్చిన కొత్తలో 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు), అంటే 36 రెట్ల దగ్గర చంద్రుడు బాగానే ఉన్నాడు. 9 మి.మీ. పెట్టి 100 రెట్లకు వెళ్తే మాత్రం చుక్క చుక్కలా లేదు, మూడు మూలల ముద్దలా ఉంది. ఇప్పుడు అదే లెన్సు, గాలి నిలకడగా ఉన్న రాత్రి 150 రెట్ల దగ్గర, అభిజిత్ పక్కనుండే ఎప్సిలాన్ లైరే అనే చుక్కలోని రెండు జంటలనూ విడదీస్తోంది. ఒక్కో జంటలో ఎడం సుమారు 2.3 ఆర్క్‌సెకన్లే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). కొత్తగా కొన్నది డయాగనల్ (ఐపీస్ ముందు వెలుగును మలిపే అద్దం) ఒక్కటే.

బొమ్మ బాగోలేదంటే ముందు లెన్సు జోలికి పోకూడదు. వెనకనుంచి ముందుకు రావాలి.

పరీక్షకు ధ్రువ నక్షత్రం కదలదు కాబట్టి దాన్నే వాడమంటారు. అది ఉత్తరాన ఉన్న దేశాల మాట. హైదరాబాద్‌లో అది దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంత కిందన గాలి తెచ్చే రంగూ వణుకూ లెన్సు ఖాతాలో పడిపోతాయి. వేసవిలో స్వాతి మేలు, మనకు దాదాపు నడినెత్తికి వస్తుంది. 60 డిగ్రీలు ఎక్కితే చాలు, ఇంకా పైకి పోతే ఐపీస్ నేలకు దిగి మెడ పట్టేస్తుంది. చుక్క వెంట తిప్పే మోటారు (డ్రైవ్) లేని స్టాండు మీద 100 రెట్ల దగ్గర చుక్క దృశ్యం దాటడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. దాన్ని మధ్యలో ఉంచి, ఫోకస్ కాస్త లోపలికీ కాస్త బయటికీ జరిపి, చుక్క విచ్చుకుని ఏర్పడే వలయాలు చూడాలి.

చుక్క ఒక పక్కకు సాగినట్టుంటే ఐపీస్‌ను దాని గుంటలోనే తిప్పండి. సాగుదల దాంతోపాటు తిరిగితే లోపం ఐపీస్‌ది. తల వంచితే తిరిగిందా, అది మీ కంటిది. రెండూ కాకపోతే డయాగనల్ తీసి నేరుగా చూడాలి. ఫోకస్ అందదు, ఎందుకంటే డయాగనల్ సుమారు 7 సెం.మీ. దారి తినేస్తుంది. ఆ మేరకు ఎక్స్‌టెన్షన్ గొట్టం పెట్టాలి. ఈ టెలిస్కోపుతో డయాగనల్‌గా వచ్చిన 45 డిగ్రీల ప్రిజం ప్రకాశమైన ప్రతి చుక్క మీదా ఒక గీత గీసేది. నేల మీది బొమ్మలను నిటారుగా చూపడానికి చేసిన ప్రిజం అది, రాత్రికి పనికిరాదు. 90 డిగ్రీల అద్దం డయాగనల్ పెడితే గీత పోయింది.

మూడు మూలలు మాత్రం పోలేదు. అది లెన్సును నొక్కేసిన గుర్తు. మంచు కవచం తీస్తే లెన్సు ముందు రెండు గాట్లున్న బిగింపు రింగు కనిపిస్తుంది, ఎవరో దాన్ని పళ్లు బిగించి తిప్పినట్టున్నారు. అరచుట్టు వదులు చేసి సెల్‌ను (లెన్సు కూర్చున్న చట్రం) చెవి దగ్గర మెల్లగా ఊపితే సన్నగా టక్ మనాలి. అక్కణ్ణుంచి ఆ చప్పుడు ఆగేంతవరకే బిగించాలి. గాజు కన్నా అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది. మధ్యాహ్నం సరిపోయిన రింగు డిసెంబరు తెల్లవారుజామున పట్టేస్తుంది, అందుకే కాస్త వదులే నయం.

రింగు వదిలాక వలయాలు గుండ్రంగా వచ్చాయి గానీ మధ్య చుక్క ఒక వారకు జరిగి ఉంది. ఇక్కడ విప్పక తప్పలేదు. ఈ లెన్సులోని రెండు గాజులు, అంటే ముందున్న క్రౌన్ రకం, వెనకున్న ఫ్లింట్ రకం గాజుల మధ్య అంచున 120 డిగ్రీల ఎడంతో మూడు రేకు ముక్కలుంటాయి. వాటిలో ఒకటి జారి లోపలికి వచ్చింది. విడదీయక ముందే రెండు గాజుల అంచుల మీదుగా పెన్సిల్‌తో ఒక బాణం గీయాలి, మొన ఆకాశం వైపు ఉండాలి. క్రౌన్ రెండు ముఖాలూ ఉబ్బుగానే ఉంటాయి, కంటికి తేడా తెలియదు. తిరగేసి బిగిస్తే ఎంత తిప్పినా చుక్క తేలదు. సెకండ్ హ్యాండులో ‘లెన్సు పాడు’ అని తక్కువకు ఇచ్చేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. రేకులు మార్చాలంటే మూడూ ఒకే షీటులోంచి, పాతవాటి మందంలోనే కోయాలి. ఒకటి మందమైతే గాజు వాలుతుంది.

మిగిలిన కాస్త వంకర ఫోకసర్‌ది (ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే భాగం). ట్యూబుకు దాన్ని పట్టే మూడు స్క్రూలు వదులు చేసి, చెషైర్ ఐపీస్ (లెన్సు, ఫోకసర్ ఒకే వరసలో ఉన్నాయో చూపే సాధనం) లోంచి చూస్తూ, లెన్సు ముఖాల్లోంచి వచ్చే ప్రతిబింబాలన్నీ ఒకదాని మీద ఒకటి పడేదాకా జరిపి బిగించాలి. ఫోకసర్‌లో జరిగే డ్రా ట్యూబు కిందికి వాలుతుంటే ఇదంతా వృథా. ప్లాస్టిక్ ఫైలు అట్ట ముక్క లోపల అంటిస్తే ఆ వాలు తగ్గింది.

లెన్సు లోపలి ముఖం మీద సాలెగూడు లాంటి బూజు కూడా ఉంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పల్చని అమోనియా సమపాళ్లలో కలిపి, గాలి ఆడే చోట, దూదితో తడిపి రుద్దకుండా లాగాలి. తర్వాత మెడికల్ షాపులో దొరికే ఇంజెక్షన్ డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. అసిటోన్ వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది, అంచు నల్లరంగు ఊడుతుంది. బూజు పోయింది, కోటింగ్ మీద అది తిన్న చార పోలేదు. టార్చి ఏటవాలుగా వేస్తేనే కనిపిస్తుంది, బొమ్మలో తేడా లేదు.

ఊదా అంచు సంగతి. శుక్రుడి చుట్టూ, చంద్రుడి ఒంపు వెంట అది ఉంటుంది. లోపం కాదు, రెండు గాజుల అక్రోమాట్ స్వభావం అంతే. ఊదా ఇబ్బంది పెట్టకుండా ఉండాలంటే 90 మి.మీ.కు సిడ్జ్‌విక్ లెక్క ఎఫ్/10.6 అడుగుతుంది, ఇది ఎఫ్/10. 8వ నంబరు లేత పసుపు ఫిల్టరు దాన్ని కొంత దాచుతుంది, బదులుగా గురుడు పసుపు తిరుగుతాడు. నాకైతే ఊదాయే నయం.

కోస్తా ఉక్కలో ఏసీ గదిలోంచి తెచ్చి మూత తీయగానే లెన్సు చెమర్చుతుంది. తుడవకండి. మూతతోనే బయట అరగంట ఉంచితే చాలు. వాన నెలల్లో సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెట్టాలి, లేకపోతే పాత చార పక్కనే కొత్తది మొలుస్తుంది.

కొనేముందు ఒక్క పరీక్ష: దూరాన ఉన్న దేన్నైనా ఫోకస్ చేసి, ఐపీస్‌లోకి టార్చి వేసి, లెన్సు ముందు కాగితం పట్టి వెలుగు వృత్తాన్ని స్కేలుతో కొలవండి. 90 మి.మీ. రావాలి. 80 వస్తే లోపల ఏదో బాఫిల్ (పక్క వెలుగును ఆపే రింగు) వెలుగును కోస్తోంది. దీనిలో 88 వస్తోంది, ఆ రెండూ ఎక్కడ పోతున్నాయో వెతకడం ఇంకా మొదలుపెట్టలేదు.