బూట్‌లో మౌంట్ కాని పార్టిషన్: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఏం రాస్తే మేలు?

లినక్స్ బూట్ అవుతూ అవుతూ ఒక లైను దగ్గర ఆగిపోతుంది. పక్కన సెకన్లు లెక్క పెరుగుతుంటాయి, గడువు 1 నిమిషం 30 సెకన్లు. అది దాటాక ఎమర్జెన్సీ మోడ్, అంటే మరమ్మతు కోసం కమాండ్లు మాత్రమే ఇవ్వగల తెర. మొదటిసారి చూసినవాళ్లు డిస్కు పోయిందనే టెన్షన్ పడతారు గానీ, చాలాసార్లు డిస్కు నిక్షేపంగా ఉంటుంది. తప్పు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక లైనుది. బూట్‌లో ఏ పార్టిషన్‌ను (డిస్కులో ఒక భాగం) ఏ ఫోల్డర్‌కు తగిలించాలో, అంటే మౌంట్ చేయాలో, లినక్స్‌కు చెప్పే జాబితా ఈ ఫైలు.

ఆ లైనులో మనం తేల్చుకోవాల్సినవి రెండు: డిస్కును ఏ పేరుతో పిలవాలి, అది పలకకపోతే ఏం చేయాలి.

పేరు సంగతి తొందరగా తేలిపోతుంది. ఎస్‌డీఏ1, ఎస్‌డీబీ1 లాంటి పేర్లు డిస్కుకు శాశ్వతంగా ఉండేవి కావు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కు ఏది ముందు దొరికితే దానికి ముందు పేరు. కొత్తగా ఇంకో డిస్కు తగిలిస్తే చాలు, నిన్నటి బీ ఇవాళ సీ కావచ్చు. లేబుల్, అంటే మనం పెట్టుకునే పేరు, చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ రెండు డిస్కులకూ ‘డేటా’ అనే పెట్టుకుంటే గొడవే. నా ఓటు యూయూఐడీకి, అంటే పార్టిషన్‌ను ఫార్మాట్ చేసినప్పుడు దానికి వచ్చే పొడవాటి గుర్తింపు సంఖ్యకు. అది ఫైల్‌సిస్టమ్‌లోనే (పార్టిషన్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) రాసి ఉంటుంది కాబట్టి కేబుల్ ఏ పోర్టుకు మార్చినా మారదు. రెండు సందర్భాల్లో మాత్రం అదీ దెబ్బ కొడుతుంది. ఫార్మాట్ చేస్తే కొత్తది వస్తుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాతదే మిగిలిపోతుంది. డిస్కును క్లోన్ చేస్తే రెండింటికీ ఒకటే ఉంటుంది; ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనని మొండికేస్తుంది.

అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది.

ఆప్షన్లలో ఉత్త ‘డిఫాల్ట్స్’ అని వదిలేస్తే, ఆ పార్టిషన్ లేకుండా బూట్ ముందుకు సాగదు. రూట్ పార్టిషన్‌కూ (సిస్టమ్ ఉండేది), హోమ్ (మన ఫైళ్లుండేది) విడిగా ఉంటే దానికీ ఇదే సరైన పద్ధతి. కానీ సినిమాలు దాచుకునే డిస్కు కోసం కంప్యూటర్ మొత్తం ఆగిపోవడం ఏం న్యాయం?

అందుకే ఎవరినడిగినా ‘నోఫెయిల్’ పెట్టమంటారు. డిస్కు ఉన్నా లేకపోయినా బూట్ దాని కోసం ఆగదు. నేనూ అలాగే పెట్టి నిశ్చింతగా ఉన్నాను, రూట్ పార్టిషన్ నిండిపోయిందని మెసేజ్ వచ్చేదాకా. బ్యాకప్ డిస్కు కేబుల్ వదులైంది, మౌంట్ కాలేదు. నోఫెయిల్ కాబట్టి బూట్ ఆగలేదు, నాకూ తెలియలేదు. బ్యాకప్ స్క్రిప్ట్ మాత్రం ఆ డిస్కు మౌంట్ కావాల్సిన, రూట్ పార్టిషన్ మీదున్న ఖాళీ ఫోల్డర్‌లోనే రోజూ రాసుకుంటూ పోయింది. అసలు ఫైళ్లూ వాటి బ్యాకప్పూ ఒకే డిస్కు మీద!

నోఫెయిల్‌తో ఇంకో ఇబ్బంది, దీని గురించి తక్కువమంది చెబుతారు. బూట్ ఆ డిస్కు కోసం ఆగదు కాబట్టి, డిస్కు బాగానే ఉన్నా అది మౌంట్ అయ్యేలోపే దాని మీద ఆధారపడ్డ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రామ్) మొదలైపోవచ్చు. డేటాబేస్ లాంటిది నడుపుతుంటే ఆ సర్వీసు ఫైల్లో ‘రిక్వైర్స్ మౌంట్స్ ఫర్’ అని ఫోల్డర్ దారి ఇచ్చుకోవాలి.

మూడోది సిస్టమ్‌డీ (బూట్‌ను నడిపించే ప్రోగ్రామ్) ఇచ్చే ఆటోమౌంట్ ఆప్షన్. బూట్‌లో మౌంట్ చేయదు. ఎవరైనా ఆ ఫోల్డర్‌ను తాకినప్పుడే చేస్తుంది. డిస్కు లేకపోతే కాసేపు చూసి ఎర్రర్ ఇస్తుంది తప్ప, కింద ఉన్న ఖాళీ ఫోల్డర్‌లో రాయనివ్వదు. నా స్క్రిప్ట్ మొదటి రోజే ఆగిపోయి ఉండేది. బ్యాకప్ డిస్కుకూ, అప్పుడప్పుడు తగిలించే డిస్కుకూ నోఫెయిల్ కన్నా ఇదే నయం. డివైస్ టైమౌట్ (డిస్కు కోసం చూసే గడువు) 10 సెకన్లకు తగ్గించండి, లేకపోతే ఫోల్డర్ తెరిచినప్పుడల్లా అదే 90 సెకన్ల నిరీక్షణ. పొద్దస్తమానం వాడే డిస్కుకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఏది రాసినా రీబూట్ చేసే ముందు ‘ఫైండ్‌మౌంట్’ (findmnt) కమాండ్‌ను వెరిఫై ఆప్షన్‌తో ఒకసారి నడపండి. తప్పు యూయూఐడీ అక్కడే దొరికిపోతుంది. ఇప్పటికే ఎమర్జెన్సీ మోడ్‌లో చిక్కుకుని ఉంటే రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైను ముందు హ్యాష్ (#) గుర్తు పెట్టి రీబూట్ చేస్తే చాలు. రూట్ ఖాతా లాక్ అయి ఉంటే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే పని చేయాలి.

విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ కథ వేరు. అక్కడ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎన్ని ఆప్షన్లు మార్చినా లాభం ఉండకపోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేశామనుకున్నది నిజానికి సగం నిద్ర. పార్టిషన్ ఇంకా విండోస్ చేతిలోనే ఉన్నట్టు లెక్క కాబట్టి లినక్స్ దాన్ని మౌంట్ చేయనంటుంది, లేదా చదవడానికి మాత్రమే ఇస్తుంది. బలవంతంగా మౌంట్ చేసే ‘ఫోర్స్’ ఆప్షన్ జోలికి పోకుండా, విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి మళ్లీ షట్‌డౌన్ చేయండి.