కడిగిన రాతి ఇసుకా, గాలితో పొడి తీసిన ఇసుకా: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

హైదరాబాదు శివార్లలో ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు కట్టించే పనిలో ఎనిమిదేళ్లుగా రెండు రకాల రాతి ఇసుకనూ, అంటే రాయిని పగలగొట్టి తయారుచేసిన ఇసుకనూ, వాడుతున్నాను. ఒకటి నీటితో కడిగినది. రెండోది చుక్క నీరు తగలకుండా గాలితో పొడిని వేరు చేసినది. బిల్లులో రెండింటికీ ఎం-శాండ్ అనే పేరే ఉంటుంది, మా మేస్త్రీలకైతే రెండూ రోబో ఇసుకే. నాకు సరఫరా చేసేవారందరూ గ్రానైటునే వీఎస్ఐ క్రషర్లో (రాయిని వేగంగా విసిరి కొట్టి పగలగొట్టే యంత్రంలో) ఆడిస్తారు కాబట్టి గింజ ఆకారంలో నాకు పెద్ద తేడా కనబడలేదు. తేడా అంతా 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నని పొడిని ఎలా తీశారు, ఎంత తీశారు అన్న దగ్గరే ఉంది.

మొదట్లో నేను కడిగిన ఇసుకవైపే మొగ్గాను. చేతికి మురికి అంటదు, చూపుకు నది ఇసుకలా ఉంటుంది. అయితే ఒక స్లాబుకు పంపుతో కాంక్రీటు ఎక్కిస్తుండగా పైపు రెండుసార్లు బిగుసుకుపోయింది, పోసిన చోట పైన నీరు తేలింది. ఆ ఇసుకను జల్లెడ పట్టించి చూస్తే 300 మైక్రాన్ల లోపు గింజ దాదాపుగా లేదు. హైడ్రోసైక్లోన్ (నీటిని సుడి తిప్పి సన్న గింజను వెనక్కి పట్టే పరికరం) లేని ప్లాంటులో వాషర్ నుంచి పొర్లిపోయే నీరు పనికిరాని పొడితో పాటు పనికొచ్చే సన్న గింజను కూడా మట్టిగుంటలోకి మోసుకుపోతుంది. కాంక్రీటులో వాడే ఇసుక, కంకరలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 సవరణలో సహజ ఇసుకకు 3 శాతం పొడినే అనుమతించి, రాతి ఇసుకకు 15 శాతం దాకా అనుమతించడం ఊరికే కాదు. బంకమన్ను వేరు, రాతిపొడి వేరు. మితంగా ఉన్న రాతిపొడి కాంక్రీటును విడిపోకుండా పట్టి ఉంచుతుంది. అందువల్ల కాంక్రీటుకు నేను గాలితో శుద్ధి చేసినదానికే మారాను, పంపు దగ్గర ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. నీరు కాస్త ఎక్కువ అడుగుతుంది, అందుకు అడ్‌మిక్స్చర్ (తక్కువ నీటితోనే కాంక్రీటు జారేలా చేసే రసాయనం) కొంచెం పెంచవలసి వచ్చింది.

వానాకాలంలో మాత్రం కథ తిరగబడుతుంది. క్రషర్లోకి వెళ్లే రాయి తడిసి ఉంటే జల్లెడ కళ్లు మూసుకుపోతాయి, పొడి గింజకు అంటుకుపోయి గాలికి లేవదు. మే నెలలో నిక్కచ్చిగా ఉన్న అదే ప్లాంటు ఇసుక ఆగస్టులో పిండి పూసినట్టు వచ్చింది, లోడు వెనక్కి పంపించాను. కడిగిన ఇసుక గుణం వానకు చెడదు, బరువు పెరుగుతుంది, అంతే. ఆ బరువుకు డబ్బు కట్టేది మనమే: 20 టన్నుల టిప్పరులో 8 శాతం తేమ ఉంటే సుమారు ఒకటిన్నర టన్నుల నీటిని ఇసుక ధరకు కొన్నట్టు. కుప్పగా పోసి కనీసం రెండు రోజులు నీరు ఓడ్చిన ఇసుకనే తూకం వేయమని ఇప్పుడు ముందే మాట్లాడుకుంటున్నాను.

డబ్బు కన్నా పెద్ద చిక్కు తేమ పొద్దుటికీ సాయంత్రానికీ మారడం. ఘనమీటరు కాంక్రీటులో 800 కిలోల ఇసుక ఉందనుకుంటే, తేమ 2 శాతం పెరిగినా 16 లీటర్ల నీరు లెక్కలేకుండా కలిసినట్టే. 360 కిలోల సిమెంటుకు 165 లీటర్లు పోయాల్సినచోట 181 లీటర్లు పడితే నీరు-సిమెంటు నిష్పత్తి 0.46 నుంచి 0.50కి పోతుంది, కాంక్రీటు బలం ఆ మేరకు తగ్గుతుంది. తట్టలతో కొలిచే సైట్లలో ఇంకో తిప్పలు: చెమ్మ ఇసుక ఉబ్బుతుంది కనుక అదే తట్టలో అసలు ఇసుక తక్కువ పడుతుంది.

ప్లాస్టరింగుకు మాత్రం నా ఓటు కడిగిన ఇసుకకే. పొడి ఎక్కువైన ఇసుకతో పూసిన గోడల మీద నెల తిరగకుండా వెంట్రుక వాసి పగుళ్లు వచ్చాయి. క్యూరింగు (పూతను తడుపుతూ ఉండడం) సరిగా చేయలేదని మేస్త్రీని అనవసరంగా కోప్పడ్డాను కూడా. పక్క గోడకు సన్న జల్లెడ పట్టిన కడిగిన ఇసుక వాడాం, క్యూరింగు అంతే చేశాం, అది బాగానే నిలిచింది.

ప్రస్తుతం స్లాబులకు, స్తంభాలకు డిసెంబరు నుంచి మే దాకా గాలి ఇసుక, వానల్లో హైడ్రోసైక్లోన్ ఉన్న ప్లాంటు నుంచి కడిగిన ఇసుక, పూతపనికి ఏడాది పొడవునా కడిగినదే తెప్పిస్తున్నాను. ఏ ఇసుకైనా కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే కిలో ఇసుకను పెనం మీద వేయించి మళ్లీ తూచి, తరిగిన బరువును బట్టి మిక్సరు దగ్గర నీళ్ల కొలత మారుస్తున్నాం. ఆ పనికి పావుగంట పడుతుంది.