శోధ్‌గంగలో మా జిల్లా పేరు కొట్టి చూసిన: ఆర్నెల్ల వాడకం తర్వాత నా రివ్యూ

వెబ్‌సైటుకి రివ్యూ ఏంది, అదీ పీహెచ్‌డీ థీసిస్‌ల సైటుకి అని నవ్వుతరేమో. బిర్యానీ హోటల్‌కి రాస్తం, కూలర్‌కి రాస్తం, ఆర్నెల్లుగా రాత్రి అన్నం తిన్నంక రోజూ ఓ గంట కూసొని చూస్తున్న దానికి రాయకపోతే ఎట్ల. నేను పెద్ద రీసెర్చ్ మనిషిని కాదు, ప్రైవేట్ ఇంటర్ కాలేజీల కెమిస్ట్రీ చెప్త, పీహెచ్‌డీ చేద్దామనుకుని చెయ్యలేకపోయిన బ్యాచ్. అందుకే ఈ రివ్యూ రీసెర్చ్ స్కాలర్లకి కాదు, నాలాంటి బయటోళ్ళకి.

తెల్వనోళ్ళకి రెండు ముక్కలల్ల చెప్త. మన దేశంల యూనివర్సిటీలల్ల పీహెచ్‌డీ అయినోళ్ళ థీసిస్‌లు ఒక్క దగ్గర పెట్టేదే శోధ్‌గంగ. గుజరాత్ గాంధీనగర్‌ల ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ సెంటర్ నడుపుతది, అది యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, కింది సంస్థ. 2009ల యూజీసీ ఒక రూల్ తెచ్చింది, థీసిస్ సాఫ్ట్ కాపీ కూడా ఇయ్యాల్సిందే అని, అక్కడ్నుంచి వచ్చి చేరుడు షురూ అయి ఇయ్యాల 5 లక్షలు దాటినయ్. ఫిజిక్స్, ఫార్మసీ, సంస్కృతం, సోషల్ వర్క్, తెలుగు, నర్సింగ్, లా, ఏది కావాలంటే అది. చదివేటందుకు పైసా కట్టక్కర్లేదు.

ఇది ఎంత పెద్ద సంగతో పాత రోజులు చూసినోళ్ళకే తెలుస్తది. అప్పట్ల థీసిస్ అంటే రెక్సిన్ అట్ట, బంగారు రంగు అక్షరాలు, బీరువా, బీరువాకి తాళం. చాన ఏండ్ల కింద నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీకి పోయిన, పేరెందుకు లెండి, బస్సు దిగి లెటర్ పట్టుకుని పోతే "సార్ లీవుల ఉన్నడు, తాళం ఆయన దగ్గర్నే ఉంటది" అన్నరు, మళ్ళ వారం పోతే సార్ ఉన్నడు గానీ తాళం లేదు. మూడోసారి నేనే పోలే.

సరే, అసలు కథ. మాది నల్లగొండ దిక్కు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై మా ఇండ్లల్ల అందరివీ మరకలు పడ్డ గార పండ్లే, నావీ అంతే, ఫోటోల నోరు మూసుకుని నవ్వుడు మాకు చిన్నప్పటి అలవాటు. మా అన్న బిడ్డ డిగ్రీల ఫ్లోరైడ్ మీద ప్రాజెక్ట్ తీసుకుంది, "బాబాయ్, గూగుల్‌ల దొరికిందే అందరూ రాస్తున్నరు, నాకు వేరేది కావాలె" అన్నది. అట్ల ఇద్దరం శోధ్‌గంగ తెరిచినం.

ముందు ఫ్లోరైడ్ అని కొట్టినం. అబ్బో, వరద. దేశంల ఉన్న కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లన్నీ ఏదో ఒక ఆకో, పొట్టో, చెక్కో కాల్చి బొగ్గు చేసి నీళ్ళల్ల ఏసి ఫ్లోరైడ్ ఎంత గుంజిందో చూసుకుంటున్నట్టు ఉంది. చెడ్డ పని అంటలేను, నేనూ కెమిస్ట్రీ వాణ్ణే. కానీ నాలుగు చూసినంక అయిదోది చూడబుద్ధి కాదు. ఇంకోటి, నీళ్ళ మీద ఏ థీసిస్ తీసినా మొదటి చాప్టర్ల భూమ్మీద మూడొంతులు నీళ్ళే గానీ తాగేవి కొంచెమే అని ఉంటది, ఆ పేజీ నాకు నోటికొచ్చింది ఇప్పుడు.

అప్పుడు పిల్ల అన్నది, "సబ్జెక్ట్ కాదు బాబాయ్, మన జిల్లా పేరు కొడదాం". ఈ రివ్యూల మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, అది ఇదే. నల్లగొండ అని కొట్టగానే ఒక్క పేజీల జియాలజీ, హిస్టరీ, ఎకనామిక్స్, తెలుగు, కామర్స్, పొలిటికల్ సైన్స్ అన్నీ పక్కపక్కన వచ్చి కూసున్నయ్, పెండ్లి బంతిల కూసున్నట్టు. ఒకరు రాళ్ళ గురించి రాసిన్రు, ఒకరు 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం గురించి, ఒకరు పోచంపల్లి మగ్గాల గురించి, ఒకరు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు గురించి. పోచంపల్లి అంటే మా పిల్లకి చీరెలే తెలుసు, 1951 ఏప్రిల్ 18న వినోబా వస్తే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తనన్నది, భూదానం మొదలైంది ఆ ఊర్లనే అని ఆ రాత్రి దానికి తెలిసింది. ఇట్ల ఒకటి ఎతుకుతుంటే ఇంకోటి కాళ్ళకు తగులుతది, ప్రాజెక్ట్ సంగతి మర్చిపోయి రాత్రి పన్నెండు దాకా కూసున్నం, వదిన తిట్టింది.

స్పెల్లింగ్ సంగతి జాగ్రత్త. మా జిల్లా పేరు ఇంగ్లీషుల ఒక ఎల్ పెట్టి రాసేటోళ్ళున్నరు, రెండు ఎల్‌లు పెట్టేటోళ్ళున్నరు, నడుమ ఇంకో ఏ తగిలించేటోళ్ళున్నరు. ఇగ మనుషుల పేర్లయితే చెప్పొద్దు, మనకి ఇంటిపేరు ముందుంటది, ఫారంల వెనక అడుగుతది, లక్ష్మికి స్పెల్లింగులు నాలుగు. దొరకలేదంటే లేదని అనుకోకండి, ఇంకో తీరుగ కొట్టండి.

ఇప్పుడు నాకు బాగ నచ్చిన భాగం. ఫ్లోరైడ్ ఎందుకు అనేది జియాలజీ వాళ్ళు మంచిగ చెప్తరు. మా దిక్కు అంతా గ్రానైట్, ఆ రాయిల ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటయ్, నీళ్ళు రాయి సందులల్ల ఎన్నేండ్లు నిలిస్తే అంత కరుగుతది, ఆ నీళ్ళల్ల సోడా గుణం ఎక్కువై కాల్షియం తక్కువుంటే ఇంకా ఎక్కువ కరుగుతది. తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకుంటే 1.5 దాకా అని మన స్టాండర్డ్. బోర్ల లోతులు, నీళ్ళ లెక్కలు, మ్యాపులు, రంగులు, అన్నీ ఉంటయ్. కానీ మనోళ్ళు బోరు అంత లోతుకి ఎందుకు ఏసిన్రు? అది జియాలజీల ఉండదు. అది ఎకనామిక్స్ థీసిస్‌ల ఉంటది: చెరువులు ఎట్ల పాడైనయ్, బాయిలు ఎట్ల ఎండినయ్, లోన్లు ఎట్ల వచ్చినయ్, పక్క చేను రైతు ఇంకా లోతుకి పోతే వీడెందుకు పోయిండు. ఆ చెరువులు అసలు ఎవరి చేతుల ఉండె, నీళ్ళు ఎవరికి ముందు పారేవి అంటే హిస్టరీ వాళ్ళని అడగాలె. ముగ్గురూ ఒకే జిల్లా గురించి రాసిన్రు, నేను తెరిచినవాట్ల ఒకరు ఇంకొకర్ని చదివినట్టు రెఫరెన్సుల్ల ఎక్కడా కనపడలేదు. ముగ్గుర్నీ ఒక దగ్గర పెట్టింది సైటు, కలిపి చదువుకునే పని మనది.

ఖాళీలు కూడా అట్లనే కనపడ్తయ్. ఫ్లోరైడ్‌తోని నడుం వంగిపోయినోళ్ళున్న ఇండ్లల్ల పెండ్లి సంబంధాలు ఎట్ల తిరిగిపోయినయ్, "ఆ ఊరి పిల్లనా, వద్దు" అనే మాట ఎన్ని ఇండ్లల్ల విన్నరు, ఇది మా అమ్మ తరం మాట్లాడుకునే సంగతి. దీని మీద మొత్తం ఒక థీసిస్ నా కంటికైతే ఇంకా పడలేదు. బొగ్గు మీద పదులకొద్ది కనపడ్డయ్.

మెడిసిన్ కోసం మాత్రం ఇక్కడ్నే కూసోకండి. ఇది ముఖ్యంగ పీహెచ్‌డీల గోదాము, ఎండీ, ఎంఎస్ డాక్టర్లు కోర్సుల రాసేవి ఇక్కడ వెతికి లాభం తక్కువ. దానికి అమెరికా వాళ్ళ పబ్‌మెడ్ సెంట్రల్ పోండి, అదీ ఫ్రీనే. ఇండియన్ మెడికల్ గెజెట్ అనే పాత పత్రిక సంచికలు స్కాన్ చేసి పెట్టిన్రు, అందులనే నాకు 1937 నాటి పేపర్ దొరికింది, షార్ట్, పండిట్, రాఘవాచారి ముగ్గురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్ళతో పండ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు, మీద రాసింది. మనుషుల కంటే ముందు ఎడ్లు లేవలేక నాగలికి పనికిరాకుండ పోతుంటే రైతులే గమనించిన్రు అని పెద్దోళ్ళు చెప్తరు. ఆ పేపర్ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే వాళ్ళు రాసిన నడుము, మెడ తిరగకపోవుడు, అది మా ఊర్ల నేను చూసిన మనుషులే.

ఇంకోటి చెప్త, నవ్వుకుంటరు. హైదరాబాద్‌ల మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, తార్నాక దిక్కు, వాళ్ళు 2002ల ఒక పేపర్ వేసిన్రు. బడి పిల్లలకి రోజూ 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూస్తే మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ పోయిందట. ఇది మా అమ్మకి చదివి చెప్పినం. ఆమె ఏమన్నది అంటే "మరి నేను ఇన్నేండ్లు పచ్చిపులుసు ఊకెనే పెట్టిన్నా మీకు, నువ్వేమో రోజూ ఇదేనా అని మూతి తిప్పుతుంటివి". చిన్న స్టడీ అమ్మా, ఇది మందు కాదు అన్నా వినలే. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా సైన్స్ చెప్పింది అని పచ్చిపులుసు పోస్తుంది.

అట్లనే బయోకెమిస్ట్రీ థీసిస్‌లల్ల మెథడ్స్ చాప్టర్ తెరవండి ఓసారి. ఫాస్ఫరస్ కొలిచిన దగ్గర ఫిస్కే అండ్ సుబ్బారో, 1925 అని మళ్ళమళ్ళ తగులుతది. ఆ సుబ్బారో మన భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. హార్వర్డ్‌ల ఉన్నప్పుడు చేసిన పద్ధతి, నూరేండ్ల తర్వాత కూడ మన పిల్లలు అదే నీలం రంగు చూసి లెక్క కట్టుకుంటున్నరు. అసలు పేపర్ కూడా ఇప్పుడు ఫ్రీగ చదువుకోవచ్చు. క్లాసుల ఈ సంగతి చెప్తే వెనక బెంచి వాడు కూడా తలెత్తిండు, అది నా కెరీర్‌ల అరుదు.

ఇబ్బందులు చెప్పకపోతే రివ్యూ కాదు కదా. థీసిస్ మొత్తం ఒక్క ఫైల్‌గ ఉండదు, టైటిల్ ఒకటి, సర్టిఫికెట్ ఒకటి, చాప్టర్‌కి ఒకటి, ముక్కలు ముక్కలుగ ఉంటది. నెట్ సరిగ్గ రాని ఊర్లల్ల ఇది మేలే అనుకోండి, కావాల్సిన చాప్టరే దించుకోవచ్చు. స్కాన్ ఎట్ల ఉంటది అనేది పంపిన యూనివర్సిటీని బట్టి, కొన్ని అద్దంలెక్క, కొన్ని జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు. తెలుగు డిపార్ట్‌మెంట్ థీసిస్‌ల సంగతి వేరే, చాన వరకు డీటీపీ సెంటర్లల్ల అను ఫాంట్‌ల కొట్టించినవి, కంటికి తెలుగే గానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తయ్, లోపల పదం పట్టి ఎతుకుదామంటే దొరకదు. మన జానపదం, మన మాండలికం మీద అంత పని చేసి పెట్టిన్రు, ఒక పదం కోసం మూడు వందల పేజీలు కండ్లతోని తిప్పుకోవాలె. కండ్లద్దాల నంబర్ పెరిగిందంటే ఇదే కారణం.

క్వాలిటీ అంటరా, అన్నీ ఒక్క తీరు ఉండవు. ఊర్లు తిరిగి ఎండల నిలబడి రాసినవి ఉన్నయ్, నాలుగు పుస్తకాలు ముందేసుకుని కలిపి కుట్టినవి ఉన్నయ్. 2018ల యూజీసీ కాపీల మీద రూల్స్ పెట్టింది, పోలిక 10 శాతం దాటితే అడుగుతరు, చెక్ చేసే సాఫ్ట్‌వేర్ కూడా యూనివర్సిటీలకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇస్తుంది. దానికి ముందువి చదివేటప్పుడు మీ ముక్కుని నమ్ముకోండి. నా లెక్క ఏందంటే, ముందు ప్రశ్నల పట్టిక ఉందా, ఊర్ల పేర్లు రాసిండా లేదా అని చివరి అనుబంధం చూస్త, అది గట్టిగుంటే థీసిస్ గట్టిది.

ఇంకా నాకు ఒక బలహీనత ఉంది, కృతజ్ఞతల పేజీలు. ముందు అవే చదువుత. గైడ్‌కి ఒక పేరా, హెడ్‌కి ఒక పేరా, తర్వాత అసలు మనిషి బయటపడ్తడు: కూలికి పోయి చదివించిన అమ్మ, ఫెలోషిప్ ఆగినప్పుడు బాకీ పెట్టుకున్న మెస్సాయన, అర్ధరాత్రి దాకా టైప్ చేసిన డీటీపీ అన్న. మిగతాదంతా థర్డ్ పర్సన్‌ల ఎంత గంభీరంగ రాసినా ఆ పేజీ మాత్రం ఇంట్ల మాట్లాడినట్టే ఉంటది.

పక్క దుకాణాలు కూడా చెప్త తొందరగ. వ్యవసాయం కావాలంటే కృషికోశ్ చూడండి, అగ్రికల్చర్ యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడుంటయ్. హిస్టరీ, సాహిత్యం పేపర్లకి జేస్టోర్ అనే జర్నళ్ళ సైటుల ఫ్రీ అకౌంట్ తీస్తే నెలకి 100 దాకా ఆన్‌లైన్‌ల చదువుకోవచ్చు. 2025 నుంచి సర్కారు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని మొదలుపెట్టింది, జర్నళ్ళ చందా అందరి తరఫున సర్కారే కట్టుడు, మూడేండ్లకి 6,000 కోట్లు, 30 పబ్లిషర్లు, 13,000 దాకా జర్నళ్ళు, మంచి స్కీమే, కాకపోతే మొదటి విడతల సర్కారు కాలేజీలు, సంస్థలకే. నాలాంటి ప్రైవేట్ కాలేజీ వాడు గేటు బయట నిలబడి చూసుడే. అందుకే నాకు శోధ్‌గంగ మీద ఇంత ప్రేమ, అది నన్ను ఏ కాలేజీ అని అడగలే.

రేటింగ్ 5కి 4. తెలుగు ఫైళ్ళల్ల పదం వెతికేటట్టు అయిన రోజు మిగతా ఒకటి కూడా ఇస్త. పిల్ల ప్రాజెక్ట్ అయిపోయింది, జియాలజీ మ్యాప్, 1937 పేపర్, నానమ్మ పచ్చిపులుసు మూడూ అందుల ఉన్నయ్, మేడం పచ్చిపులుసు పేరా తీసెయ్యమన్నదట, పిల్ల రెఫరెన్స్ చూపిస్తే ఉంచనిచ్చింది.

ఆఁ, మర్చిపోయిన. దించుకున్న వెంటనే ఫైల్ పేరు మార్చుకోండి. లేకుంటే నాలెక్క డౌన్‌లోడ్స్‌ల నలభై "జీరో వన్ టైటిల్"లు పోగై, ఏది ఎవరిదో తెల్వక మళ్ళ ఒక్కొక్కటి తెరిచి చూసుకోవాలె.