కథల పుస్తకం వేస్తామని ఫోన్ వచ్చిందా? ఇది చదివి అప్పుడు డబ్బు కట్టండి

రాజమండ్రి పబ్లిషర్లే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. కథలు రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం, సాయంత్రానికి ప్యాకేజీ పోస్టరు పెడతారే, వాళ్లు. నిన్ననే వాళ్ల ఆఫీసుకెళ్లి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతోంది. ఇందులో అచ్చుతప్పులుంటే సర్దుకోండి, నా పుస్తకంలో ఉన్నన్ని మాత్రం ఉండవు.

టూకీగా చెప్తాను. 14 కథలు, 300 కాపీలు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు), ఆవిష్కరణ సభ, అన్నీ కలిపి 32,000 రూపాయలు. దసరాకి కట్టేశాను. శివరాత్రికి 40 కాపీలు వచ్చాయి. సభ లేదు. మిగతా 260 ఎక్కడంటే "ప్రెస్‌లో ఉన్నాయండి". ఉగాది దాటిపోయినా ప్రెస్‌లోనే ఉన్నాయి.

భోగి ముందు రోజు రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ పంపి, "పొద్దున్నకల్లా ఓకే చెప్పండి మేడం, లేకపోతే మళ్లీ నెలాఖరుకే" అన్నారు. పొయ్యి మీద అరిసెల పాకం ఉంది. నాలుగు పేజీలు తిప్పి బొటనవేలు బొమ్మ పెట్టేశాను. మా ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖలో తప్పులు దిద్దమని నా దగ్గరికే తెస్తారు. నా పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఇదీ నా తెలివి! నేను యూనికోడ్‌లో పంపింది, పేజీలు పెట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కోసం పాతకాలపు అనూ ఫాంట్లలోకి మార్చారు, మార్చాక ఎవరూ చదవలేదు. ఒత్తులు ఎగిరిపోయాయి. ఐదో పేజీలో అంకితం. మా అమ్మ పేరులోనే ఒత్తు లేదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఉండుంటే కళ్లజోడు పెట్టుకుని మొదట ఆ పేజీయే తీసేది.

డబ్బిచ్చి కథలు వేయించుకోవడమేమిటని తిట్టేవాళ్లు తిట్టండి, పడతాను. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో కథతోపాటు హామీపత్రం, స్టాంపులంటించి మన చిరునామా రాసిన కవరు పెట్టి పత్రికలకి పోస్టు చేసేవాళ్లం. "ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం" అన్న అచ్చు చీటీతో కథ తిరిగొచ్చేది. ఏడ్చేదాన్ని. ఎక్కడో రాజోలు మూల ఉన్న పిల్లకి కూడా జవాబు ఇచ్చేవారు కదా అని ఇప్పుడనిపిస్తోంది. కథ పడితే మనియార్డరు. పోస్టుమ్యాన్ డబ్బులు లెక్కపెట్టిచ్చి, "కథకేనా అమ్మా ఇవి?" అని కాఫీకి నిలబడేవాడు.

కరోనా వచ్చాక కథలేసే పత్రికల్లో నవ్య ఆగిపోయింది, విపుల, చతుర ఆగిపోయాయి. వెబ్ పత్రికలు వేస్తాయి కానీ పారితోషికం మాటెత్తితే అప్పు అడిగినట్టు చూస్తారు. (పాపం, వాళ్లలో చాలామందిది చేతి చమురే.) ఆడియో యాప్ వాళ్లకి కథ అక్కర్లేదు, రోజుకో ఎపిసోడు, చివర ట్విస్టు కావాలి. నెల రోజులు రాశాను, నడుం పడిపోయింది. "ఏఐ ఊరికే రాసిపెడుతుంటే నీకెందుకిస్తారమ్మా" అంటాడు మా అబ్బాయి. ఇలాంటి సమయంలో ఈ రాజమండ్రి వాళ్లలో ఒకాయన ఫోన్ చేసి "మీ కథల్లో గోదావరి వాసనుందండీ" అంటే కరగనా? కరిగాను. పాలకొల్లులో ఒకావిడకీ అదే ముక్క చెప్పాడని తర్వాత తెలిసింది. ఆవిడవన్నీ హైదరాబాదు అపార్ట్‌మెంటు కథలు!

ఇక నిన్నటి సంగతి. రావులపాలెం మీదుగా రెండు బస్సులు మారి, ఎండలో మేడ మెట్లెక్కాను. బల్ల దగ్గర కుర్రాడు లోపలికి తొంగిచూసి "సార్, ఆ కాపీల మేడం" అన్నాడు. ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఇచ్చినవే ఇంకా పంచలేదు కదండీ, మిగతావెందుకు?" అన్నాడు.

"పంచుకుంటానో దాచుకుంటానో నా ఇష్టం. నేను రచయితని, నా పుస్తకం అసలెన్ని అచ్చయ్యాయో చెప్పండి చాలు" అన్నాను.

అప్పుడు తలెత్తాడు. నవ్వాడు. "రచయితలంటే మేం డబ్బులిచ్చేవాళ్లండి. మాకు డబ్బులిచ్చేవాళ్లు కస్టమర్లు. మీరు కస్టమరు." అని కుర్రాడి వైపు చూశాడు. వాడూ నవ్వాడు.

పోనీ కస్టమర్నే అనుకుందాం. అంబాజీపేటలో కొబ్బరికాయ కొన్నా చెవి దగ్గర ఆడించి చూపించి ఇస్తారు. ఇక్కడ కూర్చోమన్న దిక్కు లేదు. లేచి వచ్చేస్తుంటే, అంటే నిలబడే ఉన్నాననుకోండి, "టీ తాగి వెళ్లండి" అన్నాడు. ఆయ్, మర్యాదకేం లోటు లేదు! నేనేమన్నాను? "పర్లేదండి" అన్నాను. నా కథల్లో ఆడవాళ్ల చేత ఎంత ఘాటు జవాబులు చెప్పించానో. నాకు అనాల్సిన మాట తట్టేసరికి బస్సు జొన్నాడ వంతెన మీదుంది.

ఐఎస్‌బీఎన్‌కని 3,000 రాశారు బిల్లులో. మనదేశంలో అది ఉచితం. కేంద్ర ప్రభుత్వానికి చెందిన రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ ముక్క నిన్న రాత్రి తెలిసింది, డబ్బు కట్టిన ఏడు నెలలకి. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆడియో హక్కులు కూడా వాళ్లవేనని ఉంది, ఎన్నాళ్లకో లేదు. కాలం రాయకపోతే 5 ఏళ్లే అంటుంది 1957 కాపీరైట్ చట్టం. ఆ ఐదేళ్లు మాత్రం ఎందుకిచ్చానో నన్నడక్కండి.

మీరైతే డబ్బంతా ముందే కట్టకండి. ప్రూఫు కాగితం మీద తీయించుకుని చదవండి, పండగ పూట అసలు చూడకండి.

కస్టమర్నన్నాడు కదా, కస్టమరుగానే వెళ్తున్నాను. వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చట, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు. పాలకొల్లు ఆవిడ కూడా వస్తానంది. వీళ్లకి కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఫోన్‌పే రశీదులు, వాట్సాప్ మెసేజీలు చెరిపేయకుండా నాకు చెప్పండి.