జార్జియా ఎర్ర వైన్: ప్యాకేజీ టూరు మానేసి తెలావిలో దిగండి

జార్జియాలో వైన్ టూరు బుక్ చేయబోయేవాళ్లకి ముందే చెప్తున్నా, మనిషికి 120 లారి అడిగే వ్యాను ప్యాకేజీల జోలికి పోకండి. ఒక లారి అంటే ముప్పై రూపాయల పైమాటే. నేను, మా ఆవిడ, దుబాయ్‌లో మాతోనే ఉండే బావమరిది, ముగ్గురికీ కలిపి 360 లారి వదిలింది.

రాజధాని టిబిలిసికి వంక పెట్టేదేం లేదు. పాత ఊరు, మెట్రో, గంధకపు వేడినీళ్ల స్నానాలు, అన్నీ బాగున్నాయి. గొడవంతా కఖేతిలో. దేశంలో వైన్ ద్రాక్ష ఎక్కువగా పండేది ఈ తూర్పు ప్రాంతంలోనే. అలజాని లోయ పొడవునా తోటలు, ఆ వెనక కాకసస్ కొండలు.

"రైతు ఇంట్లో టేస్టింగ్" అని చెప్పి వ్యాను ఆపింది మాత్రం రోడ్డు పక్క షోరూమ్ ముందు. అప్పటికే అక్కడ రెండు బస్సుల జనం. అయిదు గ్లాసుల్లో గుక్కెడు గుక్కెడు పోశారు. ఆ వెంటనే "బాటిల్ తీసుకోండి సార్" అని ఒకటే పోరు. కింద్జ్‌మరౌలి అనే ఎర్ర వైన్ బాటిల్ 65 లారి అన్నారు. అదే కంపెనీ, అదే లేబుల్ టిబిలిసి సూపర్‌మార్కెట్లో 28కి చూసి వచ్చాను. గైడ్‌ని నిలదీస్తే "ఇక్కడ క్వాలిటీ వేరు" అన్నాడు! బావమరిది మొహం మాడ్చుకుని వ్యాన్లో కూర్చున్నాడు. మా ఆవిడ అసలు తాగదు. "నా 120కి రెండు రొట్టె ముక్కలు, కాస్త చీజు" అని దారంతా సాధించింది.

కింద్జ్‌మరౌలి చెడ్డదని కాదు. క్వారెలి వైపు సపెరవి ద్రాక్షతో చేస్తారు, కొంచెం తీపి ఉంటుంది. మొదటిసారి తాగేవాళ్లకి నచ్చుతుంది కూడా. కానీ సపెరవి సత్తా తెలియాలంటే తీపి లేనిదే తాగాలి. సీసాలో కొనేట్టయితే ముకుజాని కొనండి. అదే ద్రాక్ష, ఓక్ పీపాల్లో మాగబెట్టింది.

తిరుగు ప్రయాణం వ్యాన్లో వద్దనుకుని కఖేతిలోనే తెలావి అనే ఊళ్లో దిగిపోయాం. దొరికిన గెస్ట్‌హౌస్ టిఫిన్‌తో కలిపి ముగ్గురికి 110 లారి. గదులు మామూలే, వేడినీళ్లు వచ్చేసరికి ఆలస్యం. అయితేనేం, ఇంటి వెనకే మరాని, అంటే వాళ్లు వైన్ చేసి దాచుకునే గది. నేలలో మెడదాకా పాతిపెట్టిన క్వెవ్రి అనే మట్టి జాడీలు, మన ఊళ్ల ధాన్యం పాతర్లలాగే. లోపల తేనెమైనం పూత. ద్రాక్ష తొక్కి రసం, తొక్కలు, గింజలు అన్నీ కలిపి అందులోనే పోస్తారు. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. టిబిలిసికి దక్షిణాన తవ్వకాల్లో దొరికిన పెంకుల్లో 8,000 ఏళ్ల కిందటి వైన్ ఆనవాళ్లు బయటపడ్డాయి.

మేం వెళ్లింది కోతల సమయం. ఇంటి పెద్దాయన ఒక సపెరవి పండు నా చేతిలో పెట్టి నలపమన్నాడు. నల్ల ద్రాక్షలో మామూలుగా లోపలి గుజ్జు తెల్లగా ఉంటుంది కదా, దీనికి గుజ్జు కూడా ఎరుపే. వేళ్ల మరక మర్నాటికీ పోలేదు. తర్వాత ఒక క్వెవ్రి మూత తీసి, పొడుగు కర్రకి కట్టిన సొరకాయ బుర్రతో పోయినేడాది వైన్ తోడాడు. దాదాపు నలుపు. మొదటి గుక్కకి నోరు పిడచకట్టింది, రెండో గ్లాసుకి దారిలో పడింది. బావమరిది మూడో గ్లాసుకి పాటలు మొదలెట్టాడు.

రాత్రి భోజనం మనిషికి 35 లారి, వైన్ అందులోనే. అక్రోటు ముద్ద కూరిన వంకాయలు, మట్టి కుండలో రాజ్మా లాంటి లోబియో, పొయ్యి గోడకి అంటించి కాల్చిన రొట్టె. శాకాహారులకి ఢోకా లేదు. మా ఆవిడ వంకాయలు రెండోసారి అడిగి వేయించుకుంది, టూరు ఊసు మళ్లీ ఎత్తలేదు.

టిబిలిసి నుంచి తెలావికి మార్ష్రుత్కాలు, అంటే మినీ బస్సులు, షేర్ టాక్సీలు దొరుకుతాయి. టాక్సీకి మాకు మనిషికి 20 లారి అయింది. ఇంటి వైన్ లీటరు 10 లారి, ప్లాస్టిక్ బాటిల్లో పోసిస్తారు. అది విమానం దాకా మొయ్యకండి, అక్కడే ఖాళీ చేయండి.