దూదిలా ఉన్న టవల్, గరుగ్గా ఉన్న టవల్: ఏడాది వాడాక

ఏడాది కిందట ఒకేసారి రెండు టవళ్లు కొన్నాను. ఒకటి 700 జీఎస్ఎం, చేతిలోకి తీసుకుంటే దుప్పటంత బరువు, చెంపకి ఆనించుకుంటే దూదే. రెండోది 450, చూడ్డానికి మామూలుగా, కొంచెం గరుగ్గా ఉంటుంది, రెండూ ఖరీదైనవే ఎందుకులే అని తీసుకున్నది. ఇప్పుడు రోజూ స్నానానికి వెళ్తూ భుజాన వేసుకునేది ఆ గరుకుదాన్నే.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క, అంతే, నాణ్యతకి వేసే మార్కులు కావు. బరువైన టవల్ ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది, నిజమే, కానీ ఆ నీళ్లన్నీ మళ్లీ ఆరాలి కదా. నాది పొద్దున ఆరేస్తే సాయంత్రానికి కూడా అంచులు చెమ్మగానే ఉండేవి, మబ్బు పట్టిన రోజుల్లో అయితే మర్నాటికి ముక్కవాసన. తడి ఆరని గుడ్డలో బ్యాక్టీరియా పెరగడం వల్ల వచ్చే వాసన అది, సబ్బు ఎక్కువేస్తే పోదు.

ఇంకో సంగతి, షాపులో మనం మురిసిపోయే ఆ మెత్తదనం చాలాసార్లు నూలుది కాదు, పైన పట్టించిన సిలికాన్ లాంటి పూతది. అందుకే మొదటి రోజుల్లో ఒళ్లు తుడుచుకుంటే తడి పోకుండా ఒంటిమీదే అటూ ఇటూ జారుతుంది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఆ మెత్తదనం పోకూడదని ప్రతి ఉతుకులోనూ ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోశాను. అది పోగుల మీద జిడ్డు పొరలా పేరుకుంటుంది, ఇక నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయి? మూడు నెలలకి నాలుగు నీటి చుక్కలు వేస్తే గుడ్డ మీద పూసల్లా నిలబడ్డాయి. సాఫ్ట్‌నర్ మానేసి, వేడి నీళ్లలో సబ్బు సగానికి తగ్గించి రెండుసార్లు ఉతికి, మధ్యలో ఒకసారి జాడించే నీళ్లలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపితే దారికొచ్చింది. వెనిగర్‌ని బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రమాదం.

ఇక మన్నిక. బరువైనదాని దారానికి పురి చాలా తక్కువ, మెత్తగా ఉండటానికి అదీ ఒక కారణమే, కానీ అలాంటి దారం నూగు రాలుస్తుంది. నల్ల చొక్కా వేసుకునే రోజున టెన్షన్ అన్నమాట. గరుకుదాంట్లో రెండు పోగులు కలిపి పేనిన దారం వాడారని లేబుల్ మీద ఉంది, ఏడాదిలో ఒక్క లూప్ (టవల్ మీద ఉంగరాల్లా నిలబడి ఉండే దారం) లేచింది, దాన్ని లాగకుండా కత్తెరతో కత్తిరించేశాను. లాగితే వరసంతా ఊడొస్తుంది. బరువైనదానికి అందంగా వేసిన పట్టీ అంచు ముడుచుకుపోయింది కూడా, ఎందుకంటే పట్టీ ఒకలా, మిగతా గుడ్డ ఇంకోలా కుంచించుకుపోతాయి. కొనేటప్పుడు పట్టీ కన్నా పక్క అంచుల కుట్టు చూడండి, రెండు వరసలుంటే మంచిది.

ఒక విషయంలో టవల్‌ని అన్యాయంగా తిట్టాను. నీలం టవల్ మీద నారింజ రంగు మచ్చలు పడితే రంగు నాసిరకం అనుకున్నా, తీరా చూస్తే మొటిమలకి రాసుకునే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము పని అది, రంగుని తినేస్తుంది.

రోజూ చేసేది పెద్దగా ఏం లేదు. ఆరేసే ముందు గట్టిగా రెండుసార్లు దులుపుతాను, లూప్‌లు నిలబడి అట్టలా బిరుసెక్కకుండా ఉంటుంది. కొక్కేనికి తగిలించకుండా దండెం మీద విప్పి వేస్తాను. మూడు నాలుగు వాడకాలకి ఒకసారి ఉతుకుతాను.

మళ్లీ కొనాల్సొస్తే 400 నుంచి 550 మధ్యలోనే చూస్తాను. ఆ బరువైనదాన్ని రెండు ముక్కలు చేసి బాత్రూమ్ గుమ్మంలో వేద్దామనుకున్నా గానీ, కత్తెర పెడితే ఆ నూగు ఇల్లంతా ఎగురుతుందని భయమేసి, మడిచి బీరువా అడుగున పెట్టేశాను.