లంబసింగి టెంటు కంటే భీమిలి-నర్సీపట్నం (బీఎన్) రోడ్డే నయం

లంబసింగి వెళ్దామనుకునే వాళ్లకి ముందే చెప్తున్నా, టెంట్లో మాత్రం పడుకోవద్దు. డిసెంబర్ చలి చూడాలని వైజాగ్ నుంచి అమ్మ, అక్క, బావ, వాళ్ల పిల్లాడితో కలిసి వెళ్లాం. రెండు టెంట్లకి ఫోన్లో మాట్లాడుకున్నాం. ఒక్కోటి 1,500, చలిమంట, పొద్దున వేడినీళ్లు, టిఫిన్ అన్నీ అందులోనే అని చెప్పి 1,000 అడ్వాన్స్ ఫోన్‌పే చేయించుకున్నారు. తీరా చేరాక చలిమంటకి 400, వేడినీళ్లు బకెట్‌కి 50, కారు పెట్టుకున్నందుకు 100, ఇంకో దుప్పటి కావాలంటే 100. ఫోన్లో అన్నీ కలిపే అన్నారు కదా అని బావ అడిగితే, "ఆ ఫోన్ మాది కాదండీ, బుకింగ్ వాళ్లది, వాళ్లనే అడగండి" అన్నాడు అక్కడున్న కుర్రాడు. వాళ్లేమో ఫోన్ ఎత్తరు. బావ ఇంకేం మాట్లాడకుండా డబ్బులిచ్చేశాడు కానీ ఆ రాత్రంతా ముభావంగానే ఉన్నాడు.

టెంటు వేసింది ఏటవాలు నేల మీద. పడుకున్న వాళ్లం పడుకున్నట్టే కిందికి జారిపోతాం, గుడ్డ లోపలివైపు మంచు నీరుగా మారి మొహం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది, పక్క టెంట్ల వాళ్లు రాత్రి రెండింటి దాకా స్పీకర్లు పెట్టి గంతులు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. అన్ని టెంట్లకీ కలిపి ఉన్నవి రెండే బాత్రూమ్‌లు, అందులో ఒకదానికి గడియ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ చీకట్లో, ఆ చలిలో, టార్చి పట్టుకుని వరసలో నిలబడింది. "ఇదేట్రా, డబ్బులిచ్చి మరీ పొలంలో పడుకోడం" అంది. ఆ మాటకి నాకు నిజంగా బాధేసింది. కుటుంబాలతో వచ్చేవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆడవాళ్లకి గడియ ఉన్న తలుపు ఒకటి ఇవ్వాలి కదా.

పొద్దున మంచు మాత్రం అద్భుతం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, కింద లోయంతా తెల్లగా కప్పేసి ఉంది, పిల్లాడు నోట్లోంచి ఆవిరి వదులుతూ అరగంట ఆడుకున్నాడు. దీనికోసం అక్కడే పడుకోవాల్సిన పని లేదు. మర్నాడు రాత్రి నర్సీపట్నంలో మామూలు లాడ్జిలో దిగాం. డబుల్ రూమ్ 1,100, గీజర్ ఉంది, దుప్పట్లు ఉతికినవి. అక్కడ పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే ఘాట్ ఎక్కి లంబసింగి చేరడానికి గంట చాలు. మీరు అలాగే చెయ్యండి.

అసలు నేను రాద్దామనుకున్నది వెళ్లిన దారి గురించి. అందరూ హైవే మీద అనకాపల్లి దాటి తాళ్లపాలెం దగ్గర తిరిగి నర్సీపట్నం పోతారు. మేం పెందుర్తి, సబ్బవరం మీదుగా చోడవరం వెళ్లి, అక్కణ్ణుంచి బీఎన్ రోడ్డు పట్టుకున్నాం. బీఎన్ అంటే భీమునిపట్నం-నర్సీపట్నం. ఒక కొస భీమిలి, ఒకప్పటి డచ్చివాళ్ల రేవు, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. రెండో కొస నర్సీపట్నం, అది దాటితే మన్యం. చోడవరం, వడ్డాది, రావికమతం, కొత్తకోట, రోలుగుంట, ఇవీ మేం దాటిన ఊళ్లు. చోడవరంలో స్వయంభూ వినాయకుడి గుడి చూసుకుని, పక్కనే టిఫిన్ చేశాం. ఐదుగురికి కలిపి 190, చట్నీ రెండోసారి అడక్కుండానే వేశారు.

రోడ్డు బాగుందని అబద్ధం చెప్పను. వడ్డాది దాటాక గోతులు, చెరకు లారీల వెనక సెకండ్ గేరు, రెండుసార్లు కారు అడుగు తగిలి బావ పళ్లు నూరాడు. ఇన్ని మండలాల వాళ్లు ఆసుపత్రికీ కాలేజీకీ రోజూ తిరిగే దారి ఇలా ఉండటం అన్యాయం. వానాకాలంలో బైక్ మీద మాత్రం రావద్దు. అయినా మళ్లీ ఈ దారినే వెళ్తాను. ఎందుకంటే వడ్డాది అంటే ఇప్పుడు బస్సు ఆగే ఊరు అనిపిస్తుంది గానీ, ఒకప్పుడు మాత్స్య వంశపు రాజుల ఒడ్డాది ఇదే. ఆ వంశంలో అర్జునుడనే రాజు 1269లో ఇచ్చిన తామ్రశాసనం ఇక్కడి దిబ్బిడి అనే ఊరి పేరుతోనే తెలుసు. అన్ని వందల ఏళ్ల చరిత్ర మీద నుంచి పోతూ ఎవరూ కిటికీ కూడా దించరు.

దారిలో రోడ్డు పక్కనే బెల్లం వండుతుంటే అమ్మ ఆపమంది. గానుగలోంచి వచ్చిన రసం పెద్ద పెనంలో మరుగుతోంది, కింద పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే తోస్తున్నారు. పైన తేలిన మడ్డిని ఒకాయన పొడుగు కర్ర గరిటెతో తీసి పక్కకి పోస్తున్నాడు. పాకం వచ్చిందో లేదో చూడటానికి ఒక చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, పళ్లెం అంచుకి కొట్టాడు. టక్ మంది. అంతే, పెనం దింపేశారు. వేడి పాకం ఆకులో పెట్టి పిల్లాడికిచ్చారు, డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు కిలోల బెల్లం 130కి కొన్నాం, అది అచ్చంగా తేనె రంగులో ఉంది. రాత్రి టెంట్ల దగ్గర బకెట్ నీళ్లకి 50 తీసుకున్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ మొదలవుతుంది. ఆ మలుపుల్లో ఎక్కుతున్నప్పుడు ఒక్క సంగతి తెలిసి ఎక్కండి. తెల్లవాళ్ల కాలంలో ఈ రోడ్డు వేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండవాళ్లని పట్టుకొచ్చి, చాలీచాలని కూలికి, కొట్టి మరీ పని చేయించాడు. అప్పటికే 1882 అటవీ చట్టంతో పోడు కొట్టుకోవడానికి లేకుండా పోయింది, పైన ఈ వెట్టి. 1922లో మన్యం తిరగబడటానికి ఈ రోడ్డు కూడా ఒక కారణం. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి దళం దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్లింది. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చచ్చిపోయారు. ఇదంతా చెప్తుంటే మా మేనల్లుడు సెల్ఫీ మానేసి కొండవైపు చూస్తూ కూర్చున్నాడు. ఘాట్‌లో టెంట్ల బోర్డులు బోలెడు కనిపించాయి గానీ, ఈ రోడ్డు వేసిన కూలీల గురించి చెప్పే బోర్డు ఒక్కటీ మాకు కనపడలేదు.

బొంగులో చికెన్ తినేవాళ్లకి ఒక జాగ్రత్త. కిలో 600 తీసుకున్నారు. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, నూనె లేకుండా, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, ముప్పావుగంట పడుతుంది. పది నిమిషాల్లో ఇచ్చేస్తాం అన్నచోట తినకండి, ముందే వండి బొంగులో పోస్తారు. మీ ముందు కాల్చి, మీ ముందే ఆకు తీయాలి. మాకు అలాగే ఇచ్చిన అవ్వ దగ్గర అక్క రెండోసారి కూడా వేయించుకుంది, బావ మూడ్ కూడా అక్కడే బాగైంది.

తిరుగు ప్రయాణంలో తొందర ఉంటే తాళ్లపాలెం మీదుగా హైవే ఎక్కండి, లేదంటే నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్లి అల్లూరి సమాధి చూసి రండి. మేం చూశాం, శుభ్రంగా ఉంది, అమ్మ చెప్పులు విప్పి చాలాసేపు నిలబడింది. పెట్రోల్ రానుపోను 2,300 అయింది. పొగమంచులో పొద్దున ఏడు దాటేవరకు ఘాట్ దిగకండి, ఫాగ్ లైట్లు లేని కారైతే అసలు దిగకండి.